విప్పొద్దన్న నడుం పట్టీ

నేను ఒక నడుం పట్టీని. సాగే గుడ్డ, వరసగా కొక్కేలు, అంతే నా ఒళ్ళు. నన్ను కుట్టిన అమ్మాయిలు కబుర్లాడుకుంటూ కుట్టారు. నాతో ఒక మనిషిని ఇంత హింసపెడతారని వాళ్ళకేం తెలుసు! అక్కడి నుంచి విశాఖలో ఒక అందాల క్లినిక్ అల్మరాకి చేరాను.

అక్కడికి వచ్చింది నూకరత్నం. పట్టుచీరల కొట్టులో చీరలు తన ఒంటిమీద వేసుకుని చూపించడం ఆమె పని. "పిల్లలు పుట్టాక నీ పొట్టమీద చీర నిలవట్లేదమ్మా" అన్నాడట యజమాని. మొగుడు అప్పలనాయుడైతే, "పోయేదేటుందే, ఆ కొవ్వు తీయించీసుకో" అన్నాడట. ఎంత తేలిగ్గా అన్నాడో చూడండి!

ఆ కొవ్వు తీసే ఆపరేషన్‌కీ ముహూర్తం పెట్టించారు, పెళ్ళికి పెట్టించినట్టు. తీరా ఆ వేళకి కొవ్వు లాగే గొట్టాలు ఇంకా ఆవిరిపెట్టెలో శుద్ధి అవుతున్నాయి. "వర్జ్యం వచ్చేస్తాది డాక్టరుగారూ" అని అత్త తొందరపెట్టింది. ఆ మహానుభావుడు కాదనలేదు, శుద్ధి పూర్తికాకుండానే పెట్టె తెరిపించి ఆ గొట్టాలే వాడాడు. సిగ్గుండాలి! చదివిన చదువంతా ఏ గంగలో కలిపాడో.

పని అయ్యాక, గొట్టాలు దూర్చిన గాట్లమీద నన్ను బిగించి ఇంటికి పంపారు. మర్నాటికే ఆమె ఒళ్ళు కాలిపోతోంది. గాట్లు చూస్తే చిన్నవి, నొప్పి చూస్తే ప్రాణం తోడేసేది. "ఓలమ్మో, దీన్నిప్పీండి" అని ఏడ్చింది. అప్పలనాయుడు క్లినిక్‌కి ఫోన్ చేశాడు. "విప్పొద్దండీ, నడుం సన్నబడదు. నొప్పి మామూలే" అంది అక్కడి అమ్మాయి. అతను ఇంకో కొక్కెం బిగించాడు. నా కింద చర్మం నల్లబడింది, బొబ్బలు లేచాయి. నాకు నోరుంటే ఆ ఇంటిల్లిపాదినీ దుమ్మెత్తిపోసేదాన్ని.

ఆమె మాట తడబడ్డాక పెద్దాసుపత్రికి తెచ్చారు. సర్జన్ షకీలాగారు కత్తెరతో నన్ను కోసి, "ఇంత కుళ్ళే దాకా ఏం చేస్తున్నారయ్యా? మందులొక్కటే చాలవు, చచ్చిన కండంతా ఇప్పుడే తీసెయ్యాలి!" అని అరిచారు. సెలైన్, యాంటీబయాటిక్స్ ఎక్కిస్తూనే ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళారు. నన్ను ఆసుపత్రి చెత్త వేసే పసుపు సంచిలో పడేసి తలుపు పక్కన పెట్టారు.

చాలాసేపటికి ఆవిడ బయటికొచ్చారు. "ఇంకా కొన్నిసార్లు కోసి కడగాలి. ప్రాణం నిలబడుతుందనే అనుకుంటున్నాను. పొట్ట మాత్రం మునుపటిలా ఉండదు."

అప్పలనాయుడు ఆవిడకి దణ్ణం పెట్టాడు. "పొట్టెవుడిక్కావాలమ్మా! మనిషి దక్కితే సాలు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ మాట ఆ రోజు ఇంట్లో ఆమెతోనే అని ఉంటే సరిపోయేది కదరా!