ఎవరి ఆలస్యం వాళ్ళది

"హోబర్ట్ గారూ, నా ఆలస్యం ఒకటిన్నర మాత్రలా, రెండా?" అని అడిగింది గాయని మార్గిట్. ఆమె చేతుల్లో స్వరాల కాగితం, పెన్సిల్ ఉన్నాయి.

హోబర్ట్ కాడిల్ కళ్ళు మూసుకున్నాడు. సాయంత్రమే కచేరీ.

పాత వాద్యాలతో పాత పాటలు పాడే బృందం అతనిది. సిన్సినాటిలోని ఈ రాతి చర్చిలో ఏటా చలికాలంలో కచేరీ చేస్తారు. ఈసారి అమెరికా కథను పాటల్లో చెబుతున్నారు. ఓడలు దిగినవాళ్ళ కీర్తనలతో మొదలుపెట్టి అంతర్యుద్ధంలో సైనికులు పాడుకున్న పాటల దాకా వస్తారు. అన్నీ కుదిరాయి. మూడో పాట ఒక్కటే కుదరలేదు.

ఆ పాటకు వాద్యాలు లేవు. చర్చిలో పుస్తకాలు చాలని రోజుల్లో పుట్టిన పద్ధతి అది. పెద్ద ఒకాయన లేచి ఒక పాదం గబగబా అందిస్తాడు. జనం దాన్ని అందుకుని సాగదీసి పాడతారు. తాళం ఉండదు. ఒకడు ముందు పోతాడు, ఇంకొకడు వెనకబడతాడు. రాగం ఒకటే, గమకం ఎవరిది వాళ్ళది. హోబర్ట్ కెంటకీ కొండల్లో ఆ పాట వింటూ పెరిగాడు.

అతని గాయకులు ఎనిమిది మందీ సంగీత కళాశాలల్లో చదివినవాళ్ళు. కలిసి పాడటమే నేర్చుకున్నారు, విడిపోవడం వాళ్ళవల్ల కాలేదు. విసిగిపోయి హోబర్ట్ ఒక పని చేశాడు. ఎవరు ఎంత వెనకబడాలో స్వరాల్లో రాసి తలా ఒక కాగితం ఇచ్చాడు. వాళ్ళు ఆ ఆలస్యాలను కూడా లెక్క తప్పకుండా పాడారు.

మొదటి బల్ల మీద ఓర్లీనా కూర్చుని ఉంది. హోబర్ట్‌ తల్లికి అక్క. ఆ ఉదయమే బస్సు దిగింది, ఒళ్ళో ఎండు ఆపిల్ కేకు డబ్బా. పాదం అందించే చివరి పెద్దాయన పోయాక వాళ్ళ కొండ చర్చి మూతపడింది. అప్పటినుంచి ఆమె ఆ పాట వినలేదు. చచ్చేలోపు ఒక్కసారి వింటే చాలని ఫోనులో అన్నది. హోబర్ట్ ఈ పాటను కచేరీలో పెట్టిందే ఆమె కోసం.

"ఎలా ఉంది పెద్దమ్మా?"

"ఉతికి ఇస్త్రీ చేసినట్టుంది."

"నువ్వూ గొంతు కలపొచ్చుగా?"

"టిక్కెట్టు కొన్నవాళ్ళ ముందా? అది ప్రార్థనరా హోబీ. నేను పాడను. అయినా ఆ పిల్లలు ఎవరికి అంత భయపడుతున్నారు?"

హోబర్ట్ వెళ్ళి గాయకుల చేతుల్లోంచి కాగితాలు లాక్కున్నాడు.

"కాగితం లేకపోతే ఎక్కడున్నామో ఎలా తెలుస్తుంది?" అన్నాడు మంద్రస్థాయిలో పాడే ప్రెస్టన్.

"తెలియకూడదనే!"

"ఆ మాట నెల కిందట చెప్పాల్సింది."

కాగితాలు లేకుండా పాడారు. ఒకరినొకరు చెవులు రిక్కించి వింటూ, ఊపిరి కూడా ఒకేసారి తీశారు. ముందుకన్నా అధ్వాన్నంగా వచ్చింది. "చాలు, భోజనానికి పొండి" అన్నాడు హోబర్ట్.

సాయంత్రం చర్చి నిండింది. మూడో పాట ముందు అతను జనం వైపు తిరిగి పద్ధతి చెప్పాడు. తాను ఒక్కో పాదం అందిస్తానని, అందరూ అందుకోవాలని అన్నాడు. మొదటి పాదం ఎత్తుకున్నాడు. సగంలో ఉండగానే జనం ఆ పాదం పాడేస్తున్నారు.

అప్పుడు చూశాడు. అందరి చేతుల్లోనూ కరపత్రం ఉంది, అందులో పాట మొత్తం అచ్చయి ఉంది. అచ్చు వేయించింది తనే. ఏ కచేరీకైనా అలాగే వేయిస్తాడు. ఇది పుస్తకాలు లేనివాళ్ళ పాట అని గుర్తురాలేదు.

"దయచేసి కాగితాలు పక్కన పెట్టండి."

కాసేపు కాగితాల చప్పుడు వినిపించింది. రెండో వరుసలో ఒకాయన కాగితాన్ని మోకాళ్ళ మీదకు మార్చి, తల వంచి చదవసాగాడు. రెండో పాదం అలాగే పోయింది. మూడోదీ అంతే. గాయకులు, జనం ఒక్కసారిగా ఆపారు, తలుపు వేసినట్టు.

ఒక గొంతు ఆగలేదు.

ఓర్లీనా కళ్ళు మూసుకుని ఉంది. కరపత్రం కేకు డబ్బా కింద ఉంది. ఆమె ఇంకా పాదం మధ్యలోనే ఉంది.

నాలుగో పాదానికి హోబర్ట్ అప్పటికే చెయ్యి ఎత్తాడు. పక్కన కచేరీని రికార్డు చేస్తున్నతను తల ఎత్తి చూశాడు. రెండో వరుస ఆయన మెడ చాచి ఆమె వంక చూశాడు. ఎవరో దగ్గారు. కొండ చర్చిలో ఆఖరి గొంతు ఆగేదాకా తర్వాతి పాదం అందించేవారు కాదు. హోబర్ట్ చెయ్యి దించాడు. ఆమె స్వరాన్ని రెండుసార్లు మెలితిప్పి, నిదానంగా వదిలింది. అప్పుడు నాలుగోది అందించాడు.

జనం మళ్ళీ ముందే ముగించారు. ఓర్లీనా మళ్ళీ మిగిలింది. హోబర్ట్ మళ్ళీ ఆగాడు. చివరి పాదంలో ఏడుగురు గాయకులు ఒకేసారి ఆపారు. మార్గిట్ ఆపలేదు. ముసలామె వెనకాలే ఎటో కాస్త దూరం పోయి, ఎక్కడో ఆగింది.

కచేరీ అయ్యాక ఓర్లీనా కోటు తొడుక్కుంటోంది.

"పాడనన్నావుగా పెద్దమ్మా?"

"అంతమంది ఒక్కసారే నోరు మూస్తే పాట అయిపోయిందనుకోడూ దేవుడు?"

"మరి విన్నావా? నువ్వు వినాలనుకున్నది?"

ఆమె గుండీ పెట్టుకోవడం ఆపింది. "నువ్వు అందించడం బాగానే విన్నాను, మా చర్చి పెద్దాయనలాగే. మిగతాది లేదురా. చివర్లో ఆ పెన్సిల్ పిల్ల కాస్త దారి తప్పింది. అదొక్కటీ విన్నాను. ఈ కేకు ఆ పిల్లకివ్వు."

మార్గిట్ అప్పుడే ఎదురొచ్చింది. ఆమె మొహం ఎర్రబడి ఉంది, చేతిలో మళ్ళీ పెన్సిల్ ఉంది.

"క్షమించండి హోబర్ట్ గారూ, చివర్లో లెక్క తప్పాను. ఎన్ని మాత్రలు తప్పానో చెబితే, వచ్చే కచేరీకి రాసుకుంటాను."

హోబర్ట్ ఆమె చేతిలో కేకు డబ్బా పెట్టాడు. పెన్సిల్ తీసుకుని తన జేబులో వేసుకున్నాడు.