సన్నజాజి గదిలో కెటిల్

నేను ఒక కెటిల్‌ని. నీళ్ళు కాచే కరెంటు కెటిల్‌ని. నీళ్ళు అని నొక్కి ఎందుకు చెబుతున్నానంటే, నా బతుకంతా ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు కనుక. కొందరు నన్ను గిన్నె అనుకున్నారు, కొందరు కుక్కర్ అనుకున్నారు, ఒక మహానుభావుడైతే చాకిరేవే అనుకున్నాడు.

పుట్టింది ఏదో ఫ్యాక్టరీలో. స్టీలు రేకు వంచి ఒళ్ళు చేశారు. అడుగున వేడెక్కే బిళ్ళ బిగించారు. నీళ్ళు మరిగి ఆవిరి తగలగానే దానంతటదే ఆరిపోయే మీట ఒకటి పెట్టారు. ఆ మీటంటే నాకు ఎంత గర్వమో చెప్పలేను. పని అయిపోగానే ఆగిపోవడం మనుషులకే చేతకాదు, నాకు చేతనవునని మురిసిపోయేదాన్ని.

విశాఖపట్నంలో బీచి రోడ్డు వెనక ఉన్న ఒక చిన్న హోటలువాళ్ళు నన్ను కొన్నారు. చిన్నదే కానీ దర్జాకేం తక్కువ లేదు. అక్కడ గదులకు అంకెలుండవు, పూల పేర్లుంటాయి. నాది సన్నజాజి గది. మంచం మీద నలగని తెల్ల దుప్పటి, బాల్కనీలో పేము కుర్చీ, కుర్చీలో కూర్చుంటే మేడల సందులోంచి సముద్రం. బల్ల మీద 'ఇక్కడ మీరు ఏ పనీ చేయనక్కర్లేదు' అని రాసిన అట్ట. దాని పక్కనే నేను. వచ్చినవాళ్ళు ఆ అట్ట చదివి, హాయిగా నిట్టూర్చి, వెంటనే నాకు పని చెప్పేవాళ్ళు.

పెళ్ళికొచ్చిన ఒక గుంపు నాలో కోడిగుడ్లు ఉడకబెట్టింది. ఒకావిడ మొక్కజొన్న కంకిని నిలువునా దూర్చి, పట్టలేదని నన్నే తిట్టింది. ఇందాక చెప్పిన మహానుభావుడు చేతిరుమాళ్ళు మరిగించాడు. ఇక నూడుల్స్ భక్తుల సంగతి చెప్పక్కర్లేదు. మూత తెరిచి ఉంచితే ఆవిరి మీటకు తగలదని, నేను ఆగకుండా కుతకుతలాడుతూనే ఉంటానని కనిపెట్టింది వాళ్ళే. అలా వేధించగా వేధించగా నా మీట నీరసించిపోయింది. చివరికి నా అంతట నేను ఆగడం మానేశాను. గదులు శుభ్రం చేసే నూకరత్నం మాత్రం నా అడుగు తోముతూ, "ఏటి బతుకే నీది" అని జాలిపడేది.

ఒక శుక్రవారం సాయంత్రం తణుకు నుంచి చక్రధరరావు, ఆయన భార్య వసుంధర దిగారు. ఆయనకు ఎరువుల దుకాణం. ఆవిడకు పాతికేళ్ళుగా వంటిల్లు. పెళ్ళిరోజని, ఆదివారం దాకా నువ్వు పొయ్యి మొహం చూడక్కర్లేదని మాటిచ్చి తీసుకొచ్చాడట. ఆవిడ వస్తూనే అట్ట చదివింది. ఒకసారి చాలలేదేమో, చేతిలోకి తీసుకుని మళ్ళీ చదివింది. తిన్నగా బాల్కనీలోకి వెళ్ళి పేము కుర్చీలో కూర్చుని కాళ్ళు చాపుకుంది.

"ఎవరన్నా ఓ కప్పు టీ తెచ్చిస్తే బాగుండునండీ, ఇక్కడే కూర్చుని తాగుతాను," అంది.

ఆయన సంచీ విప్పాడు. అందులోంచి పోపు పెట్టి వేయించిన రవ్వ డబ్బా, చింతపండు, చారుపొడి, ఆవకాయ సీసా, స్టీలు గరిటె ఒక్కొక్కటే బయటికొచ్చాయి. గరిటెను చూసేసరికి నాకు సంగతి అర్థమైపోయింది.

"బయట తిండి నాకు పడదని తెలుసుగా. అమ్మ చేత వేయించుకుని తెచ్చాను. నువ్వు నీళ్ళలో పోసి తిప్పడమే," అన్నాడు, ఏదో ఉపకారం చేసినట్టు.

"పొయ్యి మొహం చూడక్కర్లేదన్నారు కదండీ."

"ఇది పొయ్యి కాదుగా వసూ. కెటిలేగా."

నా జీవితంలో మొట్టమొదటిసారి ఒక మనిషి నన్ను కెటిల్ అన్నాడు. అదీ ఇందుకు!

వసుంధర లేచింది. నా పక్కన నిలబడి, మీట వేస్తూ, తీస్తూ, గరిటె ఆపకుండా తిప్పుతూ ఉప్మా దించింది. ఎంతమందినో చూశాను, అలాంటి చెయ్యి చూడలేదు. ఒక్క రవ్వ గింజ అడుగంటలేదు. ఆయన ఆవకాయ నంజుకుని లొట్టలేసుకుంటూ తిన్నాడు. ఆవిడ నన్ను కడిగి పెట్టేసరికి సముద్రం చీకట్లో కలిసిపోయింది. ఖాళీ కుర్చీ వైపు ఒకసారి చూసి, వెళ్ళి పడుకుంది.

తెల్లారాక ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, "పొద్దుటికి ఉప్మాయే కానియ్యి. మధ్యాహ్నం చారు పెడుదువుగాని, రేపటికి చూద్దాం," అంటూ స్నానానికి వెళ్ళాడు.

ఆవిడ అట్ట వైపు చూసింది. కుర్చీ వైపు చూసింది. తర్వాత నాలో కాసిని నీళ్ళు పోసి, డబ్బాలో మిగిలిన రవ్వంతా గుమ్మరించి, మూత తెరిచి మీట నొక్కింది. వెళ్ళి బాల్కనీలో కూర్చుంది.

అమ్మా, తిప్పాలి, అని కుతకుతమంటూ మొత్తుకున్నాను. అడుగు పట్టేసింది. మాడు వాసన మొదలైంది. ఆవిడ ఒక్కసారి తల తిప్పి నా వంక తిన్నగా చూసింది. చూసి, మళ్ళీ సముద్రం వైపు తిరిగింది. అప్పుడు తెలిసింది నాకు, ఇది మతిమరుపు కాదని. పొగ వచ్చాక తాపీగా లేచి స్విచ్చి ఆపింది.

చక్రధరరావు ఒంటి నిండా సబ్బుతో బయటికొచ్చాడు. "ఏంటీ వాసన? నువ్వు మాడ్చావా?"

"నేనెందుకు మాడుస్తానండీ. కెటిల్ పాడైపోయింది."

విన్నారా? నేరం నా మీదికి తోసేసింది. ఇన్నేళ్ళ చాకిరీకి ఇదా మర్యాద అని మండిపడ్డాను. ఆయన మళ్ళీ స్నానాల గదిలోకి వెళ్ళగానే ఆవిడ తడిగుడ్డతో నా పిడి పట్టుకుని, "ఏమనుకోకే తల్లీ," అంది మెల్లగా. ఆ ఒక్క మాటకు నా కోపమంతా చల్లారిపోయింది.

నూకరత్నం వచ్చింది. ఇంకో కెటిల్ పట్రమ్మని ఆయన లోపలినుంచే కేకేశాడు. నూకరత్నం నా నల్లటి అడుగు చూసింది, వసుంధర మొహం చూసింది.

"ఏరేది నేదు బాబూ. సోమారం గానీ రాదు," అని నన్ను చంకనెట్టుకుని బయటపడింది.

ఇప్పుడు నేను కింద సామాన్ల గదిలో, విరిగిన దీపాల మధ్య పాతసామానువాడి కోసం ఎదురుచూస్తున్నాను. ఎదురుగా అరలో అట్టపెట్టెలు కూడా విప్పని కొత్త కెటిళ్ళు వరసగా ఉన్నాయి. పాపం, వాటికింకా ఏమీ తెలియదు. నూకరత్నం ఆదివారం తోటి మనిషితో చెబుతుంటే విన్నాను. "ఆయమ్మ నిన్నా ఈయేలా కింద బోయినాల గదిలోనే తిన్నాది. టీ మాత్రం పైకి తెప్పించుకుని ఆ కుర్సీలోనే తాగినాది. ఆ బాబు ఇడ్లీ బాగున్నాదని మల్లీ మల్లీ ఏయించుకున్నాడు." బయట తిండి పడని మనిషి!

నా అడుగున ఆ మాడు ఇంకా అలాగే ఉంది. ఎంతోమంది నాలో వంట చేశారు. వంట మానుకోవడానికి నన్ను వాడుకున్నది ఆవిడొక్కతే.