లేతదా, ముదురుదా?

"లేతదా, నడిమిదా, ముదురుదా?" అని అడిగింది షెవాయే.

యిగ్జావ్‌కి ఆ ప్రశ్న కొత్త. అరవై దాటిన మనిషి. ఇరవై ఏడేళ్లు ఇంట్లో కాచిన తెజ్, అంటే తేనెకల్లు, తాగినవాడు. ఆ తేనె కూడా ఆయన తుమ్మచెట్లకు కట్టిన తేనెటీగల బుట్టల్లోదే. అయినా ఏ రకం కావాలని ఇంతవరకూ ఆయన్ని అడిగినవాళ్లు లేరు. భార్య వుద్నేష్ బుడ్డి నింపి ముందు పెట్టేది. ఆయన తాగేవాడు. బాగాలేదనేవాడు. ఇంకో బుడ్డి పొయ్యమనేవాడు.

"ఏముంటే అది పొయ్యి" అన్నాడు.

"ఇది తెజ్ కొట్టు అన్నా, చావింటి భోజనం కాదు, పెట్టింది తిని పోవడానికి. నీకేది కావాలో నువ్వే చెప్పాలి."

గోడవార బల్ల మీద కూర్చున్న ముగ్గురూ నవ్వారు. "పెళ్లాంతో పాటు నాలుకనీ పూడ్చిపెట్టినట్టున్నాడు పాపం" అన్నాడు ఒకడు. యిగ్జావ్ వాడి వైపు చూశాడు. వాడు తన బుడ్డిలోకి చూసుకున్నాడు.

ఆయన తాగడానికి రాలేదు. అంతకు మూడు రోజుల ముందు, మెస్కెల్ శిలువ పండగ మంట చల్లారాక, చర్చి ఆవరణలో అందరూ వింటుండగా బావమరిది బితేవ్ ఒక మాటన్నాడు. ఆ మాట ఆయన్ని ఇక్కడికి తోలుకొచ్చింది.

ఆ ఊళ్లో మైకేలు దేవదూత పేర నడిచే సంఘంలో ఉండేది పన్నెండు మందే. నెలనెలా పన్నెండో తారీకున ఒకరింట్లో విందు. కోడికూర పక్కింటివాళ్లు వండి పెట్టినా ఎవరూ ఏమీ అనరు. తెజ్ మాత్రం ఆ ఇంటి కప్పు కిందే పులియాలి. కొన్న తెజ్ పోసినవాడికి సంఘంలో చోటుండదు. యిగ్జావ్ చోటు తండ్రి నుంచి వచ్చింది, తండ్రికి తాత నుంచి. నవంబరులో, హిదార్ నెలలో వచ్చే పెద్ద మైకేలు పండగ ఈసారి ఆయన వంతు. వుద్నేష్ ఏప్రిల్లో పోయింది.

"బావా, ఆడదిక్కు లేని ఇల్లాయె. తెజ్ ఎవరు కాస్తారు?" అన్నాడు బితేవ్. "మర్యాదగా తప్పుకో. నీ చోట్లో మా అల్లుడు కూర్చుంటాడు. మా అక్క చోటు మా ఇంట్లోనే ఉన్నట్టుంటుంది."

"అది మీ అక్క చోటు కాదు. మా నాన్న చోటు."

"అయితే కుండలో చెయ్యి పెట్టు, చూస్తాం."

మగవాళ్లంతా ఘొల్లున నవ్వారు. ఆ ఊళ్లో తెజ్ కుండలో చెయ్యి పెట్టిన మగవాణ్ణి చూసినవాళ్లు లేరు.

"పెడతాను" అన్నాడు యిగ్జావ్.

సంఘం పెద్ద మెర్షా అయ్యగారు ఆ మాట పట్టుకున్నాడు. "అందరం విన్నాం. హిదార్ పన్నెండున నీ ఇంటికొస్తాం. తెజ్ ఉంటే కూర్చుంటాం. లేకపోతే చోటు బితేవ్ అల్లుడిది."

అదీ సంగతి. కాచాలంటే ముందు ఏది కాచాలో తెలియాలి. అందుకే షెవాయే కొట్లో కూర్చున్నాడు.

"మూడూ పొయ్యి" అన్నాడు.

షెవాయే ఆచారం ప్రకారం తన అరచేతిలో కాస్త పోసుకుని తాగి, అప్పుడు ఆయనకు పోసింది. లేతది నోట్లో పెట్టుకుని, "పసిపిల్లలకు పట్టు" అన్నాడు. నడిమిది తాగి, "ఇది ఎటూ తేల్చుకోలేక కూర్చుంది" అన్నాడు. మూడోది తాగి, బుడ్డి మళ్లీ నోటికెత్తాడు.

తీపి చచ్చిపోయింది. ముందు పొగ, తర్వాత గొంతు మొదట్లో చేదు. మింగేసి, అయిపోయిందనుకున్నాక తేనె తిరిగొచ్చింది. ఏప్రిల్ తర్వాత మొదటిసారి ఆయన నాలుకకు తెలిసిన రుచి.

"ఇదే. మా ఇంట్లో నేను తాగింది ఇదే."

"అబద్ధం. వుద్నేష్ చేతి తెజ్ ఊరంతా తాగింది. లేతది. పాయసంలా ఉండేది."

"అది వచ్చిపోయేవాళ్ల కుండ. నాకు వేరే కుండ. చుట్టాలకి తీపి, మొగుడికి చేదు. ఇరవై ఏడేళ్లు అంతే."

షెవాయే చేతిలో కూజా కింద పెట్టింది. "నిజంగా అలాగే అనుకున్నావా అన్నా?"

"అనుకోవడమేమిటి? తాగాను."

"చేదు కోసం వేసే గెషో కొనడానికి ఆమె వచ్చేది నా దగ్గరికే. చుట్టాల కుండకి గెషో ఆకు. నీ కుండకి గెషో కట్టె, అదీ ముదురుది, ఏరుకుని ఏరుకుని తీసుకునేది. ఆకు వేసిన కుండ రెండు వారాల్లో తేరుతుంది. కట్టె వేసిన కుండకి ఇంకో మూడు వారాలు కాపలా. తేనె కూడా ఎక్కువ పడుతుంది. మీ పెళ్లిలో మూడు రకాల కుండలు పెట్టారట. నువ్వు ముదురు కుండ పక్కనుంచి లేవలేదట. ఆవిడ చూసింది. అంతే, ఇక అదే కాచింది."

యిగ్జావ్ బుడ్డి బల్ల మీద పెట్టాడు.

"ఒక్క మాట చెప్పొచ్చుగా" అన్నాడు.

"నువ్వు ఒక్క మాట అడగొచ్చుగా."

 ఆ కోపం కూడా ఆయన పోయిన భార్య మీదికే తోశాడు. ఇరవై ఏడేళ్లు నోరు విప్పకుండా ఉండి, తను పోయాక ఊళ్లో వాళ్ల చేత చెప్పించింది. క్షమించే సంగతి కాదది.

"ఎలా కాయాలో చెప్పు" అన్నాడు లేస్తూ.

"చెప్తాను. చెయ్యి మాత్రం పెట్టను. నా చెయ్యి తగిలితే అది నా కొట్టు తెజ్ అవుతుంది. బితేవ్ ఎదురుచూసేది దానికే."

చెప్పింది. ఆయన విన్నాడు. ఇంటికెళ్లి రెండు కుండలు కడిగాడు, అడవి ఆలివ్ కట్టె పొగ పట్టించాడు. ఒక పాలు తేనెకి మూడు పాళ్ల నీళ్లు కలిపాడు. మైనం పైకి తేలితే తీశాడు. మోచేతుల దాకా జిగురు. కంచె మీదుగా తలలు లేచాయి.

"యిగ్జావక్కా! పులిసిందా?"

"యిగ్జావక్కా, మా ఇంటికీ ఒక కుండ కాచిపెట్టమ్మా!"

ఆయన తల ఎత్తలేదు. ఎవరెవరు అన్నారో మాత్రం గుర్తుపెట్టుకున్నాడు.

ఒక కుండ సంఘానికి, గెషో ఆకు వేసిన లేతది. ఇంకో కుండ తనకు, గెషో కట్టె వేసింది. సంఘం వాళ్లకు తీపే అలవాటు కదా అనుకున్నాడు. అక్కడే తప్పటడుగు వేశాడు. చేదెక్కుతుందేమోనని భయపడి లేత కుండలోంచి గెషో ఆకు నాలుగో రోజే తీసి పారేశాడు. చేదు లేని తెజ్‌కి పులుపు నుంచి కాపలా ఉండదు. పండగ ఇంకా వారం ఉందనగా మూత తీస్తే పుల్లటి వాసన ముక్కు పగలగొట్టింది. కొత్తగా కాచే వ్యవధి లేదు. పారబోద్దామంటే వీధంతా వాసన, వీధంతా నవ్వు. మూత గట్టిగా పెట్టి కుండను మూలకు తోశాడు.

ఇక మిగిలింది తన కుండ. ఆ ముదురు తెజ్ సంఘం విందులో ఇంతవరకూ ఎవరూ పోయలేదు.

"ఎవడికి నచ్చినా నచ్చకపోయినా ఇదే" అనుకున్నాడు. పోతే చోటు పోతుంది. నాలుకకు అబద్ధం చెప్పి చోటు నిలబెట్టుకునే వయసు కాదు.

పన్నెండున మధ్యాహ్నం చర్చి అయ్యాక పదకొండు మందీ వచ్చారు. బితేవ్ అల్లుడు కొత్త తెల్ల శాలువా కప్పుకుని వాకిట్లో రాయి మీద కూర్చున్నాడు, పిలుపు రావడమే తరువాయి అన్నట్టు. ప్రార్థన అయింది. ఇంజెరా రొట్టె, కోడికూర వడ్డించారు. యిగ్జావ్ కూజా ఎత్తాడు. తన అరచేతిలో పోసుకుని అందరి కళ్ల ముందూ తాగాడు. తర్వాత అయ్యగారికి, ఆపైన వరసగా అందరికీ బుడ్డీలు నింపాడు.

మెర్షా అయ్యగారు ఒక గుక్క తాగి కనుబొమలు ముడిచాడు. గదిలో నమలడం ఆగిపోయింది. ఇంకో గుక్క తాగాడు. కళ్లు మూసుకున్నాడు. ఆపైన బుడ్డి ఖాళీ చేసి, మళ్లీ పొయ్యమని చాచాడు.

యిగ్జావ్ నింపాడు.

అప్పుడు కదిలింది గది. పోస్తుంటే ఒకడు కూజా మూతిని వదలడు. ఇంకొకడు పక్కవాడి బుడ్డి తనదంటాడు. "ముప్పై ఏళ్లుగా మాకు తీపినీళ్లు పోసి ఇది వెనక దాచుకున్నావా, దొంగా?" అన్నాడు అయ్యగారు.

"నాకూ ఈమధ్యే తెలిసింది" అన్నాడు యిగ్జావ్.

బితేవ్ మూడు బుడ్డీలు తాగాడు. మూడోది అయ్యాక మీసం తుడుచుకుని లేచాడు.

"ఇది కొన్నది. షెవాయే కొట్టుది. మొదటిసారి కుండలో చెయ్యి పెట్టిన మగాడికి ఇది కుదరదు. మా అక్కకి కూడా ఇలా కుదిరేది కాదు!"

వాకిట్లో అల్లుడు శాలువా సర్దుకుని నిలబడ్డాడు.

యిగ్జావ్‌కి కోపం రావాలి. రాలేదు. "అంటే బాగుందన్నమాట" అన్నాడు.

"బాగుంది కాబట్టే అంటున్నాను, కొన్నదని!"

యిగ్జావ్ మూలకెళ్లాడు. రెండో కుండ ఈడ్చుకొచ్చి గది మధ్యలో పెట్టి మూత తీశాడు. పదకొండు ముక్కులూ ఒక్కసారి ముడుచుకున్నాయి.

"నేను కాచిందే ఇది కూడా. పాడుచేశాను. అయ్యగారూ, తెజ్ కొనేవాడెవడైనా దీన్ని కూడా కాచుకుని ఇంట్లో పెట్టుకుంటాడా?"

మెర్షా అయ్యగారు ఆ పులుపు అరచేతిలో పోయించుకుని నాకాడు. ముఖం వంకర తిరిగింది. వెంటనే ముదురు తెజ్ ఒక గుక్క తాగి, రెండిటినీ నోట్లో కాసేపు ఉంచుకున్నాడు.

"ఒకే తేనె. ఒకే పొగ. రెండూ ఈ ఇంటివే" అన్నాడు. "ఇంత ఘోరంగా పాడుచేయడం ఏ కొట్టుకూ చేతకాదు."

గది కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. యిగ్జావ్ ఆ పులుపునే ఒక బుడ్డి నిండా పోసి బితేవ్ చేతిలో పెట్టాడు. "తాగు బావా. ఇది కొన్నది కాదని నువ్వే చెప్పాలి." అందరూ చప్పట్లు కొడుతుంటే వాడు తాగక తప్పలేదు. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. వాకిట్లో అల్లుడు మెల్లగా శాలువా మడత పెట్టుకుని ఇంటిదారి పట్టాడు.

"యిగ్జావ్ చోటు యిగ్జావ్‌దే" అన్నాడు అయ్యగారు. "ఆడదిక్కు మాట ఇంకోసారి ఎత్తినవాడు మూలకుండలోది తాగాలి."

కంచె మీదుగా అక్కా అని పిలిచిన ఇద్దరూ అక్కడే ఉన్నారు. వాళ్లకు కూజా చివరన చేరింది, అడుగు మడ్డితో.

వంతుతో పాటు ఇంటింటికీ తిరిగే సంఘం మట్టిపాత్రను పొద్దు వాలకముందే తర్వాతి వంతు వాళ్లింటికి చేర్చాలి. అది మోసేది ఆ రోజు విందిచ్చినవాడే. యిగ్జావ్ పాత్ర నెత్తిన పెట్టుకుని నడుస్తుంటే మిగతావాళ్లు వెనక పాడుతూ వచ్చారు. దారిలో చర్చి గోడ పక్క సమాధులు. వుద్నేష్ సమాధి దగ్గర ఆయన ఆగలేదు. అడుగు మాత్రం నెమ్మదించింది.

"కుదిరింది" అన్నాడు అటు చూడకుండానే. "చెప్పి ఉండాల్సింది నువ్వు."

తర్వాతి వంతు బితేవ్‌ది. ముందే ఇల్లు చేరి వాకిట్లో నిలబడి ఉన్నాడు, నోట్లో పులుపు ఇంకా పోనట్టు ముఖం పెట్టుకుని. యిగ్జావ్ పాత్ర దించి అతని చేతుల్లో పెట్టాడు.

"వచ్చే నెల మీ ఇంటికొస్తాం బావా. మిగతావాళ్లకి నీ ఇష్టం. నాకు మాత్రం ముదురుది. ఇవాళే మొదలుపెట్టు, అయిదు వారాలు పడుతుంది."

"వంతు నాలుగు వారాల్లోనే ఉంది" అని గొణిగాడు బితేవ్.

"అది నీ బాధ" అన్నాడు యిగ్జావ్.