పరదా వెనుక గాంధారం

గాంధారం ఇంకా వెంట్రుకవాసి తక్కువ పలుకుతోంది. అనంతరాములు ఆ ఇత్తడి రీడును హార్మోనియంలో నుంచి మళ్లీ బయటికి లాగి, ఎడమ బొటనవేలి గోరు మీద ఆనించి, దాని నాలుక కొసను సన్నటి ఆకురాయితో రెండే రెండుసార్లు గీశాడు. కొస గీస్తే స్వరం పెరుగుతుంది, మొదలు గీస్తే తగ్గుతుంది. మూడోసారి గీస్తే ఎక్కువైపోతుందని ఆయన చేతికి తెలుసు. నోటితో పొడి ఊది, రీడును గాడిలోకి నెట్టి, ఎడమ చేత్తో తిత్తి ఊపుతూ మీట నొక్కాడు. జోడు రీడ్ల పెట్టె అది. ఒక్క మీటకు రెండు రీడ్లూ కలిసి ఒకటిగా పలకాలి. తేడా ఉంటే స్వరం అలలాగా ఊగుతుంది. కళ్లు మూసుకుని, నోరు సగం తెరిచి, కుడి చెవి ఒగ్గి విన్నాడు. ఊపు లేదు. తరువాతి రీడు తీశాడు.

నాందేడ్ వజీరాబాద్ బజారులో రాధాకిషన్ సేఠ్ వాయిద్యాల దుకాణం పెద్దదే. ముందువైపు అద్దాల బీరువాలు, వాటి నిండా గిటార్లు, కీబోర్డులు, తబలాలు. వెనక, పై అంతస్తుకు పోయే మెట్ల కింద, ఒక గోనెపట్టా. ముప్పై నాలుగేళ్లుగా అనంతరాములు జాగా అదే. యాభై తొమ్మిదేళ్ల బక్కపలచటి మనిషి. తిత్తి ఊపీ ఊపీ ఎడమ భుజం వేలెడు కిందికి జారింది. గోళ్ల సందుల్లో ఇత్తడి పొడి పండగ తలస్నానానికి కూడా వదలదు. మెట్లకు తల తగలకుండా మెడ వంచి లేవడం అలవాటై, వీధిలోనూ అలాగే నడుస్తాడు.

పదిన్నరకు ముఖేడ్ నుంచి దత్తు బువా వచ్చాడు. కీర్తనలు చెప్పే మనిషి, చుట్టుపక్కల తాలూకాల్లో పేరున్నవాడు. అనంతరాములు పొద్దున్నుంచి సరిచేసిన పెట్టె ఆయనదే. దాన్ని కౌంటర్ మీద పెట్టించుకుని రెండు నిమిషాలు వాయించాడు.

"సేఠ్, నీ చెవికి దండం పెట్టాలె," అన్నాడు.

"అంత దేవుని దయ బువా," అని సేఠ్ చేతులు జోడించాడు.

దేవుడి సంగతేమో గానీ, ఆ పనిలో సేఠ్ వాటా మాత్రం గోరంత కూడా లేదు. ఆయనకు షడ్జమానికీ పంచమానికీ తేడా తెలియదు. ఆయన ముందు ఏ పెట్టె వాయించినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. అయినా "రాధాకిషన్ చెవి" అనే మాట నాందేడ్ నుంచి ముఖేడ్ దాకా పాకింది. సొమ్మొకడిది, సోకొకడిది. అనంతరాములు ఆ మాట రోజూ వింటూనే రీడ్లు గీసుకున్నాడు. ఆయన కోపమంతా తప్పు స్వరాల మీదే. పెళ్లి ఊరేగింపులో బాకా శ్రుతి తప్పితే వీధి చివరి దాకా తిట్టుకుంటూ పోతాడు. మనిషి మీద మాత్రం కోపం తెచ్చుకోవడం ఆయనకు చేతకాదు. ఆయన తరఫున ఆ పని మనమే చేయాలి.

ఆయన గిటారు నేర్చుకోవడం కూడా అలాంటి కోపంతోనే మొదలైంది. రెండేళ్ల కిందట సేఠ్ పై అంతస్తులో గిటారు క్లాసు పెట్టించాడు. నేర్పడానికి కల్పన వచ్చింది. నిజామాబాద్ నుంచి వచ్చి నాందేడ్‌లో స్థిరపడిన రైల్వే గార్డు కూతురు, ముప్పై ఏళ్ల పిల్ల. ఒక మధ్యాహ్నం పిల్లలెవరూ లేని వేళ ఆమె ఒక్కతే వాయించుకుంటుంటే, కింద అనంతరాములుకు పళ్లు పులిసిపోయాయి. గాంధారం తప్పు. కోమలమూ కాదు, శుద్ధమూ కాదు. హార్మోనియంలో ఆ రెండిటికీ రెండు మీటలుంటాయి, మధ్యలో ఏమీ ఉండదు, ఉండకూడదు. ఆకురాయి చేతిలో పట్టుకునే మెట్లెక్కాడు.

"బిడ్డ, నీ మూడో తీగ జారింది. చూసుకో."

"జారలే కాకా. నేనే వంచుతున్న," అని కల్పన మళ్లీ వాయించింది.

అదే స్వరం, అదే చోట. మూడోసారీ అక్కడే పడింది. అనంతరాములు చేతిలో ఆకురాయి కిందికి దిగింది. తప్పు స్వరాల మధ్య బతికినవాడు ఆయన. తప్పు ఎప్పుడూ ఒకే చోట పడదని ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అక్కడే పిల్లల బెంచీ మీద కూర్చున్నాడు.

"దీన్ని బ్లూస్ అంటరు కాకా. అమెరికాల నల్లోళ్లు పుట్టిచ్చిండ్రు. పరాయోళ్ల పత్తి చేన్లల్ల పన్జేసుకుంట పాడుకున్నరు."

"పత్తా?" అన్నాడు అనంతరాములు. "మా అమ్మ గుడ మా ఊరు ఉమ్రి కాడ పరాయి చేన్ల పత్తి ఏరింది. పాడంగ అయితె నేను ఇనలే. తిట్టంగ ఇన్న."

"గిది గుడ గట్లనే ఉంటది కాకా," అంది కల్పన.

మరునాటి నుంచి మధ్యాహ్నం అన్నం గిన్నె పది నిమిషాల్లో ముగించి, మిగిలిన అరగంట మేడ మీదే. క్లాసులో అన్నిటికంటే పాత గిటారు ఒకటి కల్పన ఆయనకు వదిలింది. ముప్పై నాలుగేళ్లు ఆకురాయి పట్టిన కుడి చెయ్యి చెక్కలా గట్టిపడింది గానీ, తీగలు నొక్కాల్సిన ఎడమ చేతి వేళ్ల కొసలు మెత్తన. వారం తిరగకుండా బొబ్బలెక్కాయి, చిట్లాయి. భార్య రత్నమ్మ పసుపు అద్దుతూ, "గీ వయసుల గీ పాట్లేంది," అని గొణిగింది. అద్దడం మాత్రం మానలేదు.

అంతకంటే పెద్ద తిప్పలు లెక్కతో వచ్చింది. బ్లూస్ పన్నెండు లెక్కలో తిరుగుతుందని కల్పన చెప్పగానే అనంతరాములు ముఖం వెలిగింది. పన్నెండు మాత్రల ఏకతాళం ఆయనకు కొత్తా? భజనల్లో ఎన్నిసార్లు విన్నాడు. తొడ మీద తాళం వేసుకుంటూ పన్నెండు దెబ్బల్లో మొత్తం చుట్టేసి మొదటికొచ్చి కూర్చున్నాడు. కల్పన అప్పటికి ఇంకా మొదటి చోటే కదలకుండా ఉంది.

"కాకా, పన్నెండు మాత్రలు గాదు. పన్నెండిండ్లనుకో. ఒక్కొక్క ఇంట్ల నాలుగు దెబ్బలు."

"గంత సేపు ఒక్కకాడ్నే కూసోవాల్నా?"

"కూసోవాలె. సురువుల నాలుగిండ్లు ఒక్కటే కార్డు, గవే మూడు స్వరాలు కలిపి. తొందరేం లేదు."

ఒక్క చోటే కూర్చోవడం తనకు నేర్పాల్సిన పని కాదు కదా అని అనంతరాములు నవ్వాడు. నిజంగా లొంగనిది ఆ గాంధారం. మూడో తీగను గిటారు మెడ మీది ఐదో మెట్టు దగ్గర నొక్కి పైకి తోస్తే, ఆయన వేలు తిన్నగా శుద్ధ గాంధారం దాకా పోయి ఆగేది. సగంలో ఆగమంటే ఆగదు.

"సగంల ఎట్ల ఆగాలె బిడ్డ? తప్పయితది గదా."

ఆ మాట అన్నన్నాళ్లూ అది పలకలేదు. అయిదు నెలలకు ఒకరోజు వేలు దానంతటదే మధ్యలో ఆగింది. అప్పుడు ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, ఎందుకో ఆయనకూ తెలియదు. మొత్తం పన్నెండిళ్లూ తప్పు లేకుండా రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

ఇవాళ సాయంత్రం క్లాసు వార్షిక కార్యక్రమం. పెళ్లిళ్ల హాలొకటి మాట్లాడారు. ఎవరెవరు వాయిస్తారో కల్పన కాగితం మీద రాసి మెట్ల గోడకు అంటించింది. పదకొండు మంది పిల్లల పేర్ల కింద పన్నెండో పేరు అనంతరాములు. ఓటరు చీటీ, రేషన్ కార్డు తప్ప ఆయన పేరు ఇంకెక్కడా లేదు. ఆయన సరిచేసిన ప్రతి పెట్టె మూత మీదా ఇత్తడి పలక ఉంటుంది, దాని మీద సేఠ్ పేరుంటుంది. జనం ముందు తన పేరుతో ఒక్కసారి ఆ పన్నెండిళ్లు తిరిగి రావాలి. ఆయన కోరిక అంతే, అంతకు మించి పూచికపుల్ల కూడా కోరలేదు. రత్నమ్మ ఇస్త్రీ చేసిచ్చిన తెల్లచొక్కా సంచిలో మడత నలగకుండా తెచ్చుకున్నాడు.

బువా వెళ్లాక సేఠ్ ఆ కాగితం ముందు నిలబడ్డాడు.

"గిదేంది అనంతా, నీ పేరు గుడ ఉన్నది?"

"కల్పనమ్మ రాసింది సేఠ్."

"పోరగాండ్ల పోగ్రాం గది. తల్లిదండ్రులు ఫీజులు కట్టి అస్తున్నరు. బువా అస్తుండు. నువ్వెక్కి ఏం జేస్తవ్?"

"పన్నెండిండ్లు సేఠ్. నిమిషం గుడ పట్టది."

సేఠ్ జేబులో పెన్ను తీసి పన్నెండో పేరు మీద అడ్డంగా గీత గీశాడు. గీసి, భుజం మీద చెయ్యి కూడా వేశాడు. "నువ్వు పరదా ఎనక ఉండు. పోరగాండ్ల గిటార్లన్నీ శ్రుతి జేసి, సుర్ల పెట్టి పంపు. గా పని నీతోనే అయితది, ఇంకెవ్వరితోని గాదు."

ఆ మాట పొగడ్తలాగే అన్నాడు. చూడండి ఆ మనిషి తెలివి. పేరు కొట్టేసిన చేత్తోనే వెన్ను తట్టాడు.

కల్పన సంగతి తెలిసి గబగబా మెట్లు దిగొచ్చింది. ఆమె ముఖం ఎర్రబడింది. "నేను మాట్లాడుత కాకా. ఇనకపోతె పోగ్రామే బంద్ జేస్త."

"వద్దు బిడ్డ. పదకొండు మంది పోరగాండ్లు కొత్త బట్టలేసుకున్నరు. ఆల్లేం జేసిండ్రు?" అన్నాడు అనంతరాములు, చేతిలోని రీడు వైపే చూస్తూ. ఆ రోజు ఆయన మేడ మీదికి పోలేదు. అన్నం గిన్నె మూత తీయలేదు.

సాయంత్రం ఆరింటికి హాలు నిండింది. పరదా వెనక ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ, ట్యూబులైటు, వరసగా పన్నెండు గిటార్లు. పన్నెండోది ఆయన రోజూ వాయించే పాతది. ఎందుకైనా మంచిదని కల్పనే తెచ్చి పెట్టింది. అనంతరాములు రోజూ వేసుకునే మాసిన చొక్కాలోనే కూర్చుని, ఒక్కో గిటారు ఒళ్లో పెట్టుకుని చెవి ఆనించి మరలు తిప్పాడు. పిల్లలు వచ్చి తీసుకుపోయారు, వాయించారు, తిరిగి తెచ్చిచ్చారు. ఏ ఒక్క తీగా అపశ్రుతి పలకలేదు. తల్లులు చప్పట్లు కొట్టారు, తండ్రులు ఫోన్లలో రికార్డు చేసుకున్నారు.

పదకొండో పిల్ల వాయించడం అయ్యాక దత్తు బువా సేఠ్‌కు శాలువా కప్పడానికి లేచాడు. ముందు నాలుగు మాటలు చెప్పమన్నారు. సేఠ్ మైకు అందుకున్నాడు.

"ముప్పై నాలుగేండ్ల సంది ఒక్కొక్క రీడు నా సొంత చెవితోని ఇని సరిజేసిన. దుకాణంల ఒక్క పెట్టె గుడ నేను ఇనకుండ బయటికి పోదు."

పరదాకు ఇవతల అనంతరాములుకు కోపం వచ్చింది. స్వరం మీద కాదు, మనిషి మీద. యాభై తొమ్మిదేళ్లలో మొదటిసారి. అది ఎలాంటిదో ఆయనకు తెలియదు గనుక అరవలేదు, పరదా లాగలేదు. పాత గిటారు ఒళ్లోకి తీసుకుని మొదటి ఇంట్లో అడుగుపెట్టాడు.

నాలుగిళ్లు ఒక్కచోటే, తొందర లేకుండా. తరువాతి రెండిళ్లు పైకి. మళ్లీ మొదటికి దిగి, మూడో తీగ ఐదో మెట్టు మీద వేలు తోసి సగంలో ఆపాడు. హాలులో మాటలు ఆగాయి. పరదా గుడ్డ దాటి వచ్చిన ఆ స్వరానికి సేఠ్ కూడా ఆగాడు. పేరున్న చెవి కదా, ఏదో ఒకటి అనాలి.

"అనంతా, గా గిటార్ సుర్ల లేదు. సరిజెయ్యి," అని మైకులోనే అన్నాడు. జనం వైపు తిరిగి, "ఏం జెయ్యాలె, నా చెవి ఊకోదు," అని నవ్వాడు.

హాలంతా నవ్వింది. చప్పట్లు కూడా కొట్టారు. బువా తల మాత్రం పరదా వైపు తిరిగింది. ఆయనకు వినే చెవి ఉంది. మళ్లీ అదే చోట అదే స్వరం పడటం ఆయన విన్నాడు. విని కూడా నోరు విప్పలేదు, శాలువా మడత విప్పాడు. తెలియక నవ్వినవాళ్లను క్షమించవచ్చు గానీ ఆయన్ను ఎట్లా క్షమించాలో ఈ కథ చెప్పేవాడికి తెలియదు.

నవ్వులు మొదలైనప్పుడు అనంతరాములు ఏడో ఇంట్లో ఉన్నాడు. ఆపలేదు. ఎనిమిది, తొమ్మిది, పది. ఒక్క దెబ్బ తొందరపడలేదు, ఒక్క దెబ్బ వెనకపడలేదు. పన్నెండో ఇల్లు దాటి వచ్చి, చివరి దెబ్బ మోగడం పూర్తిగా ఆగిపోయేదాకా ఉన్నాడు. అప్పుడు గిటారును కుర్చీలో పెట్టి, చెప్పులు తొడుక్కుని, వంటవాళ్లు గిన్నెలు తోముకునే వెనక గుమ్మం గుండా బయటికి పోయాడు. ఎవరూ చూడలేదు.

మరునాడు దుకాణానికి రాలేదు. ఆ తరువాతా రాలేదు. సేఠ్ రెండుసార్లు మనిషిని పంపాడు. రెండుసార్లూ రత్నమ్మ గుమ్మంలో నిలబడి, "ఉమ్రికి పోయిండు. దుకాణానికైతె ఇగ రాడంట," అని తలుపేసుకుంది. నెల తిరిగేసరికి మెట్ల కింద తొమ్మిది పెట్టెలు పేరుకున్నాయి. రాధాకిషన్ చెవికి ఏమైందోనని బజారులో అనుకోవడం మొదలైంది. వయసు పైబడిందని సేఠే చెప్పుకున్నాడు. అప్పుడు కూడా ఇంకొకరి పేరు ఆయన నోట రాలేదు.

అదంతా తరువాతి సంగతి. ఆ సాయంత్రం శాలువాలు, ఫోటోలు అయిపోయి హాలు ఖాళీ అవుతుండగా కల్పన పరదా తప్పించి లోపలికి వచ్చింది. "కాకా," అని పిలిచింది. వెనక గుమ్మం దగ్గర గిన్నెలు తోముతున్న చప్పుడే వినిపించింది. వంగి, కుర్చీలోని గిటారు తీగలను కింది నుంచి ఒక్కొక్కటే మీటి విన్నది. ఆరో తీగ దాకా విని, దాన్ని అక్కడి నుంచి తీయలేక వెనక్కి జరిగింది. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో, ట్యూబులైటు కింద, ఆ పాత గిటారు ఆరు తీగలూ శ్రుతి తప్పకుండా అలాగే ఆనుకుని ఉంది.