దుర్గేష్ చెరువులో గుప్పెడు బియ్యం

మస్కట్‌లో గుల్నాజ్ దగ్గర బట్టలు కుట్టించుకునే ఆడవాళ్ళందరికీ కొల్లేరు తెలుసు. వాళ్ళలో ఒక్కరూ ఏలూరు మొహం చూసినవాళ్ళు కారు. అయినా సరే, కొలతలు తీస్తూ, సూదిలో దారం ఎక్కిస్తూ ఆవిడ చెప్పిన కబుర్లు వినీ వినీ, తాటిదోనె ఎక్కి లంకకి వెళ్ళడం, తామరగింజలు ఒలుచుకు తినడం, గూడబాతులు రెక్కలు విదిలిస్తే మొహాన నీళ్ళు పడడం, అంతా తాము చూసొచ్చినట్టే చెప్పేస్తారు.

చూసిన మనిషి మాత్రం మళ్ళీ చూడలేదు పాపం. వాళ్ళ నాన్న అబ్దుల్ గారు ఏలూరులో గొడుగులు బాగుచేసేవారు. వానాకాలం ముందర కొల్లేటి లంకలో విరిగిన గొడుగులన్నీ మోపుకట్టి తెచ్చేవాడు ఆ ఊరి వీర్రాజు. వెళ్తూ వెళ్తూ, "ఈ ఇరుకులో ఏం ఆడతారు భాయ్, మా ఊరు పంపండి" అని ఆడపిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుపోయేవాడు. బడి తెరిచేదాకా వాళ్ళు వీర్రాజు బాబాయి పిల్లలే. తర్వాత పెళ్ళి, మస్కట్, కుట్టుపని. వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి అడ్డం పడేది. ఈసారి మేనల్లుడి పెళ్ళికి తాడేపల్లిగూడెం వచ్చింది. పెళ్ళయింది. రేపు రాత్రికి విమానం. ఉన్నది ఈ ఒక్క మధ్యాహ్నమే. అక్క బద్రున్నీసాని లాక్కుని, తెలిసిన కుర్రాడు హెన్రీ ఆటో ఎక్కేసింది.

గుండుగొలను దాటి ఆటో లోపలికి తిరిగిన దగ్గర్నుంచీ గుల్నాజ్ మెడ బయటపెట్టి అటూ ఇటూ చూస్తూనే ఉంది.

"ఆపా, నీళ్ళు కనపడవేం?" అని అక్కని అడిగింది.

"అటూ ఇటూ నీళ్ళేగా! కళ్ళద్దాలు తుడుచుకో."

"ఇవి చేపల చెరువులు. నేనడిగేది కొల్లేరు."

"నువ్వు వదిలిన చోటే పడుండటానికి అదేమన్నా నీ కుట్టుమిషనా ఏమిటే?"

హెన్రీ నవ్వాడు. గుల్నాజ్‌కి నవ్వు రాలేదు. ఎటు చూసినా గట్లు, గట్ల మధ్య చెరువులు, చేపల మేతకని కర్రలకి వేలాడదీసిన తవుడు సంచులు. ఆకాశం మూసుకుపోయి ఉంది. చినుకు లేదు, గాలి లేదు, ఉక్కకి జాకెట్టు వీపుకి అతుక్కుపోతోంది. దారి తప్పామా? అసలా ఊరు ఉందా? ఇన్నేళ్ళూ అందరికీ చెప్పింది కల కాదు కదా?

ఒక మలుపులో నీళ్ళు కాస్త వెడల్పుగా కనిపించాయి. దూరంగా లంక దిబ్బ మీద ఇళ్ళు. "ఇదే! రేవు ఇక్కడే ఉండేది!" అని ఆటో ఆగీ ఆగకముందే దూకేసింది.

ఆ రేవులో దోనె ఎక్కేముందు వీర్రాజు భార్య రాజ్యం పిన్ని పిల్లలందరి చేతుల్లో తలో గుప్పెడు బియ్యం పోసేది. "తల్లీ, పిల్లలొస్తున్నారు, చల్లగా చూడు" అని కొల్లేటి అమ్మవారికి దండం పెట్టి నీళ్ళలో చల్లించేది. గుల్నాజ్ బిస్మిల్లా అనుకుంటూ చల్లేది. "నీకు తోచింది నువ్వనుకో, ఉత్తచేత్తో మాత్రం ఎక్కకు" అనేది పిన్ని. అందుకే పొద్దున్నే ఏలూరులో అక్క ఇంట్లో డబ్బా తీసి జేబురుమాల్లో బియ్యం మూటకట్టుకుంది. ఇప్పుడు మూట విప్పి, గట్టు చివర నిలబడి, గుప్పెడు తీసి విసిరింది. చేపలు గభాల్న పైకొచ్చి అందుకున్నాయి. ఆ ఒక్క క్షణం చూడాలి ఆవిడ మొహం, పదేళ్ళ పిల్ల మొహమే!

"ఏవండీ! ఏవండోయ్! ఏం చల్లారండీ అందులో?"

లుంగీ ఎగ్గట్టి ఒక మనిషి గట్టు మీద పరిగెత్తుకొస్తున్నాడు. ఆ చెరువు దుర్గేష్‌ది. ముప్ఫై దాటి ఉంటాయి, మొహం పాలిపోయి ఉంది.

"బియ్యం నాయనా, వట్టి బియ్యం."

"నా చెరువులో మీరు బియ్యం చల్లడమేంటండీ? మిమ్మల్నెవరు పంపారండీ?"

"ఎవరూ పంపలేదు. చిన్నప్పుడు ఇక్కడికి వచ్చేవాళ్ళం..."

"కిందటేడు అవతలి చెరువులో మందు చల్లిపోయారండి. తెల్లారేసరికి చేపలన్నీ వెల్లకిలా తేలాయి. వాళ్ళూ చుట్టపుచూపుగా వచ్చామనే చెప్పారు."

బద్రున్నీసా అడ్డం వచ్చింది. "మా చెల్లెలు మస్కట్‌లో ఉంటుంది బాబూ! మస్కట్ నుంచి వచ్చి నీ చెరువులో మందు చల్లుతుందా?"

"అదే కదండీ నేనూ అడుగుతున్నాను!"

గుల్నాజ్ మూటలో మిగిలిన బియ్యం నోట్లో పోసుకుని కరకరా నమిలి మింగింది. గొంతుకి అడ్డం పడి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. దుర్గేష్ కాస్త మెత్తబడ్డాడు. సరిగ్గా అప్పుడే నీళ్ళ మీద బుడబుడమని చప్పుడైంది.

ఒకటి. పక్కన ఇంకొకటి. చూస్తుండగానే చెరువంతా చేపల నోళ్ళు. పైకి తేలి, నోళ్ళు తెరిచి, గాలి కోసం కొట్టుకుంటున్నాయి.

"అయ్యబాబోయ్!" దుర్గేష్ నెత్తిమీద చేతులు పెట్టుకున్నాడు. ఆ వెంటనే ఆటో తాళం లాక్కున్నాడు.

"నా తాళమెందుకండీ? నేను చల్లానా?" అన్నాడు హెన్రీ.

"ఎవరూ కదలకండి! మబ్బు రోజున గాలందక ఇలా తేలతాయండి, నాకూ తెలుసు. పొద్దున్నుంచీ కరెంటు లేదు, నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు ఆగిపోయాయి. కానీ మీరు చల్లగానే తేలాయే! డీజిలు ఇంజను పెట్టి నీళ్ళు కొడతాను. గాలి చాలక తేలినవైతే కిందికి దిగుతాయి. మందైతే దిగవు. అప్పుడు పోలీసుల్ని పిలుస్తాను, ఏమీ అనుకోకండి."

పోలీసులనగానే బద్రున్నీసా దువా చదవడం మొదలుపెట్టింది. గుల్నాజ్ భయం వేరు. ఈ చేపలు చస్తే ఈ లంకల్లో తన పేరు ఎలా నిలుస్తుంది? గొడుగుల అబ్దుల్ గారి అమ్మాయి అని కాదు, చెరువులో మందు చల్లినావిడ అని. ఇన్నేళ్ళు కళ్ళల్లో పెట్టుకు మోసిన ఊరికి ఇక జన్మలో మొహం చూపించలేదు.

"రాజ్యం పిన్నిని అడుగు నాయనా. వీర్రాజు గారి భార్య. ఆవిడకి నేను తెలుసు."

ఊళ్ళో కుర్రాళ్ళంతా నాయనమ్మా అని పిలిచే మనిషే. దుర్గేష్ ఆవిడకి ఫోన్ చేసి స్పీకరులో పెట్టాడు. ముసలి గొంతు అరిచింది. "ఎవరూ? గులాబీయా? ఏ గులాబీ?"

"గుల్నాజ్‌ని పిన్నీ! ఏలూరు..."

"నాకెవరూ తెలీదమ్మా. మా ఆయన ఉంటే చెప్పేవాడు, ఆయన పోయాడు." ఫోను ఆగిపోయింది.

దుర్గేష్ ఆమె వైపు చూసిన చూపు ఉందే, దానికంటే చెంపదెబ్బ నయం.

ఇంజను ఊపిరి పీల్చుకుని పీల్చుకుని చివరికి అందుకుంది. గొట్టంలోంచి నీళ్ళు ఎగిరి చెరువులో పడుతున్నాయి. అవతలి గట్టు దగ్గర చేపలు గిలగిల్లాడుతూనే ఉన్నాయి. "అక్కడికి అందట్లేదు, దిగి కొట్టాలి!" అని దుర్గేష్ కొబ్బరిమట్టతో చెరువులోకి దూకాడు. ఎవరూ చెప్పకుండానే గుల్నాజ్ ఇంకో మట్ట అందుకుని నడుంలోతు నీళ్ళలోకి దిగింది.

"ఒసే, నీకు ఈత రాదే!" అని బద్రున్నీసా కేక.

చీర నీళ్ళలో ఉబ్బింది, కాళ్ళు బురదలో కూరుకున్నాయి. అయినా కొట్టింది. చేతులు పడిపోయేలా కొట్టింది. చేపలు నడుముకి తగులుతున్నాయి. ఏది బతికుందో, ఏది తేలిపోయిందో తెలీదు. కాసేపటికి హెన్రీ కూడా, "తాళం ఎలాగూ లేదు" అంటూ ప్యాంటు మడిచి దిగాడు.

ఇంతలో మోటారుసైకిలు వెనక కూర్చుని రాజ్యం వచ్చింది. ఫోను పెట్టేశాక ఉండబట్టలేక మనవణ్ణి తీసుకుని వచ్చేసిందట. గట్టు మీద నిలబడి చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుంది.

"నీళ్ళలో ఆ ఆడమనిషి ఎవర్రా?"

"మందు చల్లారేమోనని నా అనుమానం, నాయనమ్మా. బియ్యమంటున్నారు," అన్నాడు దుర్గేష్ నీళ్ళలోంచే.

"బియ్యమా? నీళ్ళలో బియ్యమెవరు చల్లమన్నారే నిన్ను?"

"మీరేనండీ, పిన్నీ," అంది గుల్నాజ్ రొప్పుతూ. "ఉత్తచేత్తో దోనె ఎక్కొద్దన్నారు."

ముసలావిడ గట్టు అంచు దాకా వచ్చి కళ్ళు చికిలించి చూసింది. గుర్తుపట్టిందో లేదో మొహం చూసి చెప్పలేం. మెల్లగా అంది. "అప్పుడవి అమ్మవారి నీళ్ళే, పిచ్చిదానా. ఇప్పుడివి వీడి నీళ్ళు. చల్లేముందు వీణ్ణడగొద్దూ?"

గుల్నాజ్ మట్ట కిందికి దించింది. నిజమే కదా! తన చిన్నతనం ఇంకొకడి అన్నంలో చల్లేసింది. "తప్పే నాయనా," అంది దుర్గేష్‌తో. అతను వినిపించుకునే స్థితిలో లేడు. నీళ్ళకేసి చూస్తూ వేలు చూపించాడు. గొట్టం దగ్గర చేపలు దిగుతున్నాయి. తర్వాత మధ్యలో. అవతలి గట్టున మాత్రం ఇంకా కొన్ని నోళ్ళు.

చీకటి పడబోతుంటే తాళం తిరిగిచ్చాడు. "తెల్లారితేగానీ చెప్పలేనండి. మీ నెంబరివ్వండి." రాజ్యం మనవడి చేత తన నేతచీర ఒకటి తెప్పించి, తడిచీర మార్చుకోమని ఇచ్చింది, ఇంటికి రమ్మని మాత్రం అనలేదు. చెరువు సంగతి తేలకుండా ఎలా అంటుంది?

మర్నాడు పొద్దున ఏలూరులో గుల్నాజ్ టీ చల్లారిపోయింది. సూట్‌కేసు నోరు తెరుచుకుని అలాగే ఉంది. ఫోను మోగగానే కంగారులో కింద పడేసింది. బద్రున్నీసా తీసి ఇచ్చింది.

"దుర్గేష్‌నండి." వెనక ఇంజను చప్పుడు. "మూడు పోయాయండి. మూడే. మిగిలినవన్నీ మేతకి వచ్చాయి. మందు కాదండీ."

గుల్నాజ్ చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసింది.

"నాయనమ్మ మాట్లాడతారటండి," అన్నాడు.

"ఒసే," అంది ముసలి గొంతు, "నా చీర పట్టుకుపోయావు. ఎప్పుడిస్తావు?"

"పిన్నీ, ఇవాళ రాత్రికే విమానం..."

"అయితే వచ్చే ఎండాకాలం నువ్వే తెచ్చియ్యి. ఎవరిచేతా పంపకు."

ఫోను పెట్టేసి గుల్నాజ్ ఆ నేతచీర మడతపెట్టి, సూట్‌కేసులో అన్నిటికంటే పైన పెట్టింది.

"మూడే పోయాయట ఆపా, మన చెరువులో!"

"మనదా?" అంది బద్రున్నీసా. "చాలమ్మా. ఆ అబ్బాయి వింటే మళ్ళీ తాళం లాక్కుంటాడు."