మధ్యలో ఐలమ్మ పేరు

పెళ్లయి నలభై రెండు రోజులు. నగేష్ సైకిల్ బెల్లు రెండుసార్లు కొడితే నాకు ఇంకా నవ్వాగదు. ఆ రోజు తెలంగాణ బంద్, ఆయన పనిచేసే బట్టల దుకాణం మూత. పగలంతా నావాడే అనుకుని అటుకులు తాలింపు వేశాను. పదింటికి రోజీ వచ్చింది.

అదే దుకాణంలో చీరలు చూపిస్తుంది. చర్చి వెనకాల ఇల్లు, నున్నటి పొడుగు జడ. నా అటుకులు సగం ఆమె ప్లేటులోకి పోయాయి.

"కనీస వేతనం జీవో దొరికిందా?" అన్నాడు నగేష్. నా కొత్త చీర చూసి కూడా ఆ కళ్లు అంత మెరవలేదు.

"దొరికింది నగేష్ గారూ. మనసొంటి దుకాణాలు గూడ దీంట్ల ఉన్నయి. సేటు మనకు సగమే ఇస్తుండు."

అన్నా అని పిలిస్తే ఈమెకేం పోతుంది?

లేబర్ ఆఫీసుకు దరఖాస్తు. దస్తూరి బాగుంటుందని నాతోనే రాయించారు. చివర సంతకాలకు రోజీ, పక్కనే నగేష్. మా పెళ్లి పత్రికలో నా పేరున్న చోటు అది! పెన్ను ఆగిపోయింది.

"ఇంకెవరు పనిచేస్తరు ఆడ?" అన్నాను.

"మేమిద్దరమే," అంది రోజీ.

"ఊడ్చేది నువ్వేనా?"

"ఐలమ్మ ఊడుస్తది. పొద్దుగాల నుంచి దుకాణం మూసేదాంక ఉంటది గని, ఆమె స్టాఫ్ కాదు గద! సేటు అన్నం పెట్టి నెలకు ఐదొందలు ఇస్తడు."

జీవో లాక్కుని చదివాను. ఊడ్చేవాళ్లకూ జీతం రాసి ఉంది. "ఇగో, చూడుండ్రి!"

రోజీ మొహం చిన్నబోయింది. "మూడేండ్ల సంది నా కాళ్లకాడనే ఊడుస్తుంది. నాకు తట్టనే లేదు."

ఆ చిన్నబోవడం నాకు అటుకులకన్నా రుచిగా ఉంది. రోజీ, ఐలమ్మ, నగేష్ అని రాశాను. సాయంత్రం ఇంటికెళ్లి అడిగితే ఐలమ్మ వేలిముద్ర వేసింది.

నెల తిరగకముందే ఆఫీసరు దుకాణానికి వచ్చాడు. "ఈ ఐలమ్మ పేరు రిజిస్టర్ల ఏది?" అని అడిగితే సేటు అక్కడికక్కడే రాశాడట. ముగ్గురికీ జీతం పెరిగింది.

పెరిగిన జీతం అందిన రోజు ఐలమ్మ కొంగులో సీతాఫలాలు మా ఇంటికి తెచ్చింది. రోజీ కూడా వెంటే. అన్నిటికన్నా పెద్దది రోజీకే ఇచ్చింది.

"నీ పేరు రాసింది నేను గదా అవ్వా!"

"నీకు మొగడున్నడు బిడ్డా, ఒలిచి పెడ్తడు. ఈ పిల్లకు ఎవలున్నరు?"

నగేష్ తన పండు ఒలిచి నా చేతిలో పెట్టాడు. పెట్టేముందు రోజీ వైపు చూస్తాడేమోనని కనిపెట్టుకునే ఉన్నాను.

చూడలేదు.