మొనాకా పళ్ళు

కోబే నగరంలో కొండవాలు వీధిలో ఉండే కురమోచి తెత్సుజి ముప్పై ఎనిమిదేళ్ళు రైళ్ళు నడిపి రిటైరయ్యాడు. బండి అర నిమిషం ఆలస్యమైతే ప్రయాణికులకు క్షమాపణ చెప్పుకున్న మనిషే, ఇంట్లో మాత్రం ఒక్క మంచిమాట అన్న పాపాన పోలేదు. కూర బాగుంటే మాట్లాడకుండా తినేవాడు, బాగోకపోతే మాట్లాడి తినేవాడు. నలభై ఒక్క ఏళ్ళ కాపురంలో భార్య సెత్సుకో దీనికి అలవాటు పడిపోయింది.

వాళ్ళింట్లో మొనాకా అనే తొమ్మిదేళ్ళ ఆడకుక్క ఉంది. దాని నోరు కంపు కొడుతోందని తీసుకెళ్తే, పశువుల డాక్టరమ్మ మినెగిషి దాని పెదవి ఎత్తి చూసి తన పెదవి విరిచింది. మత్తిచ్చి గార గీకి, ఊగుతున్న నాలుగు పళ్ళు పీకేసింది. మిగిలినవి నిలవాలంటే రోజూ తోమాలని చెప్పింది. మనుషుల పేస్టు వాడకూడదు. మొదట వేలికి గుడ్డ చుట్టి ఒక్కో పన్నే రుద్దాలి. చెయ్యి తగలనిచ్చిన ప్రతిసారీ కుక్కను మెచ్చుకోవాలి.

తెత్సుజి ఆ పనిని ఉద్యోగంలా నెత్తిన వేసుకున్నాడు. సాయంత్రం ఏడు కొట్టగానే చేతులు కడుక్కుని, కోడి రసంలో తడిపిన గుడ్డ వేలికి చుట్టుకుని కూర్చునేవాడు. మొనాకాను ఒళ్ళో పెట్టుకుని, గింజుకోకుండా పట్టుకోవడం సెత్సుకో వంతు. ఆమె మొహానికి జానెడు దూరంలో ఆయన నోట పొగడ్తలు వరదలా పారేవి.

"ఎంత బుద్ధిమంతురాలివే. ఈ ఇంట్లో నీ అంత ఓపిక ఎవరికుంది, బంగారు తల్లీ."

కుక్క బరువుకు సెత్సుకో కాళ్ళు తిమ్మిరెక్కేవి. నెల రోజులు విన్నది. గుడ్డ పోయి చిన్న బ్రష్షు వచ్చాక, ఒకనాడు అడిగేసింది.

"నన్నెప్పుడైనా ఇలా ఒక్క మాటన్నారా?"

తెత్సుజి బ్రష్షు కడుక్కుంటూ, ఏ కల్మషమూ లేకుండా జవాబిచ్చాడు. "ఇది కరుస్తుంది. నువ్వు కరవవుగా."

మర్నాడు పొద్దున్నే సెత్సుకో సంచి సర్దుకుంది. చిన్ననాటి స్నేహితురాలు ఫుమియేతో కలిసి అరిమా వేడినీటి బుగ్గలకు మూడు రోజులు వెళ్తున్నానంది. కుక్కను ఎవరు పట్టుకుంటారని ఆయన అడిగితే, అంత బుద్ధిమంతురాలిని పట్టుకోవడం దేనికని చెప్పులేసుకుంది.

ఆ మూడు రోజుల కథ తర్వాత డాక్టరమ్మే ఆమెకు చెప్పింది. మొదటి సాయంత్రం మొనాకా బీరువా కిందకు దూరి బయటికి రాలేదట. రెండో రోజు లాగబోతే బొటనవేలు కొరికిందట. ఆయన ఫోన్ చేసి కుక్క మారిపోయిందని ఫిర్యాదు చేశాడు. ఇన్నాళ్ళూ ఎవరు పట్టుకున్నారని డాక్టరమ్మ అడిగింది. మా ఆవిడేనని ఆయన చెప్పాడు. అయితే ఇన్నాళ్ళూ మీచేత తోమించింది ఆవిడేననీ, ముందు ఆవిడను మెచ్చుకోమనీ చెప్పింది.

సెత్సుకో తిరిగొచ్చేసరికి తెత్సుజి వేలికి కట్టుతో గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఒక మెచ్చుకోలు మాట కోసం వెతుక్కున్నాడు. ఆమె ఏమిటన్నట్టు నవ్వింది. ఆయన ఆ నవ్వునే పట్టుకున్నాడు.

"నీ పళ్ళు... చాలా బాగున్నాయి."

"పై వరుస కట్టుడు పళ్ళండీ. ఆరేళ్ళయింది."

తెత్సుజి మొహం పాలిపోయింది. "నాకు చెప్పలేదే?"

"చెప్పాను. మీరు పేపరు చదువుతున్నారు. పళ్ళు పీకించుకున్నాక మూడు వారాలు జావ తాగాను. మీరేమో అన్నం మెత్తబడిందని సణిగారు."

ఆయన ఆమె చేతిలో సంచి అందుకుని, ఎక్కడ పెట్టాలో తోచక అలాగే పట్టుకున్నాడు. కాసేపటికి, అప్పుడు నొప్పి పుట్టిందా అని అడిగాడు. పుట్టిందని ఆమె చెప్పింది.

మరుసటి వారం పళ్ళ సెట్టు చిగుళ్ళకు ఒరుసుకుంటోందని ఆమె పళ్ళ డాక్టరు దగ్గరికి బయలుదేరితే, తానూ వస్తానన్నాడు. లోపల ఆమె ఉన్నంతసేపూ బయట బల్ల మీద బిగుసుకుని కూర్చున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు స్టేషన్ మెట్ల దగ్గర సెత్సుకో ఒకటి గమనించింది. ఎప్పుడూ నాలుగడుగులు ముందు పోయే మనిషి, ఆ రోజు ఆమె పక్కనే నెమ్మదిగా దిగుతున్నాడు.